నలుపుని నమ్మాను

తెర మీద బొమ్మ నల్లగా వస్తే మాత్రిక నిండిపోయిందనే అనుకునేవాణ్ణి. అనుకోవడంతో ఆగి ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. ఆ నమ్మకంతో ఒక అమ్మాయి సరిగ్గా రాసిన ప్రోగ్రాంని తప్పని తేల్చేశాను. నలుగురిలో తేల్చేశాను. ఆమె దగ్గర లెక్క ఉంది, రుజువు ఉంది. నా దగ్గర ఉన్నది బొమ్మ ఒక్కటే. అయినా నా మాటే నెగ్గింది, ఎందుకంటే ఆ గదిలో పెద్దవాణ్ణి నేను.

మా పని వేడి లెక్కలు. ఒక లోహపు పలక ఉంటుంది, దానికి బోల్టుల కోసం రంధ్రాలు ఉంటాయి, ఒక అంచున వేడి తగులుతుంది, ఇంకో అంచు చల్లగా ఉంటుంది. లోపల ఎక్కడెక్కడ ఎంత ఉష్ణోగ్రత అన్నది తెలియాలి. పలకను చిన్న చిన్న త్రిభుజాలుగా విడగొడతాం. ఆ త్రిభుజాల అల్లికను మెష్ అనీ, వాటి మూలలను నోడ్లు అనీ అంటాం. ఒక్కో నోడ్ దగ్గర ఉష్ణోగ్రత ఒక్కో తెలియని రాశి. దానికి ఒక సమీకరణం. ఆ సమీకరణంలో ఆ నోడూ, దాన్ని ఆనుకుని ఉన్న నోడ్లూ తప్ప ఇంకెవరూ ఉండరు. చదునైన మెష్‌లో ఒక నోడ్‌కి సగటున ఆరుగురు పొరుగువాళ్ళు; శీర్షాలకీ అంచులకీ ముఖాలకీ మధ్య ఆయిలర్ చెప్పిన సంబంధం నుంచే ఈ ఆరు వస్తుంది. తనతో కలిపి ఏడు. ఈ సమీకరణాల గుణకాలను వరుసకొకటిగా పేర్చిన పట్టికే మాత్రిక. అంటే 40,000 నోడ్లున్న మెష్‌కి మాత్రికలో 160 కోట్ల గళ్ళుంటే, వాటిలో సున్నా కానివి ఉజ్జాయింపుగా 2 లక్షల 80 వేలు. నూటికి 0.0175 వంతు. గళ్ళన్నీ దాచుకుంటే 1,280 కోట్ల బైట్లు కావాలి. సున్నా కాని అంకెలనూ, అవి ఏ వరుసలో ఎక్కడున్నాయో చెప్పే నంబర్లనూ మాత్రం దాచుకుంటే 35 లక్షల బైట్లలో అయిపోతుంది. స్పార్స్ మాత్రికల శాస్త్రం అంతా ఈ తేడా మీద నిలబడి ఉంది. సున్నాలు ఇంత ఎక్కువగా ఉన్నప్పుడు వాటిని మొయ్యకుండా ఉండడం ఎలా అన్నదే దాని ప్రశ్న.

ఆ మాత్రిక ఎలా ఉందో చూడ్డానికి గీసే బొమ్మని స్పై ప్లాట్ అంటారు. సున్నా కాని ప్రతి చోటా ఒక చుక్క, సున్నా ఉన్నచోట ఖాళీ. అంకె విలువ ఎంతన్నది బొమ్మకి అక్కర్లేదు. ఉందా లేదా అన్నదే. మ్యాట్‌ల్యాబ్‌లో దీనికి స్పై అనే ఆదేశం ఉంది. ఆ సాఫ్ట్‌వేర్‌లో స్పార్స్ మాత్రికలను ఎలా అమర్చారో జాన్ గిల్బర్ట్, క్లీవ్ మోలర్, రాబర్ట్ ష్రైబర్ 1992లో ఒక వ్యాసంగా రాశారు. మ్యాట్‌ల్యాబ్ స్పై ఒక మంచి పని చేస్తుంది: బొమ్మ అడుగున సున్నా కానివి ఎన్నో అంకెతో రాసి పెడుతుంది. పైథాన్‌లో వాడే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ స్పై ఉంది. అది ఆ అంకె రాయదు. మేం వాడుతున్నది మ్యాట్‌ప్లాట్‌లిబ్.

ఆ అమ్మాయి మా గుంపులో కొత్తగా చేరింది. త్రిభుజాల నుంచి మాత్రికను కూర్చే ప్రోగ్రాం ఆమెకి అప్పజెప్పాం. పూర్తిచేసి చూపించిన రోజు నేను మొదట అడిగింది స్పై బొమ్మ. గీసింది. అంచు నుంచి అంచు దాకా నలుపు. తెల్లటి చోటు వేలు పెట్టడానికి కూడా లేదు.

"చూడమ్మా, ప్రతి నోడూ ప్రతి నోడ్‌తోనూ ముడిపడిపోయింది. త్రిభుజం లోపలి నంబర్లనీ, మొత్తం మెష్‌లోని నంబర్లనీ ఎక్కడో కలిపేసినట్టున్నావు," అన్నాను.

"లేదు సార్, సున్నా కానివి లెక్కపెట్టాను. రెండు లక్షల ఎనభై వేల దాకా ఉన్నాయి. వరుసకి ఏడే పడుతున్నాయి."

"మరి బొమ్మ ఇలా ఎందుకొచ్చింది?"

"అది తెలీదు సార్. కానీ ప్యాచ్ టెస్ట్ కూడా పెట్టాను, పాసయ్యింది."

ప్యాచ్ టెస్ట్ ఏమిటో నాకు బాగా తెలుసు. బ్రూస్ ఐరన్స్ 1960ల్లో, ఇలా ముక్కలుగా విడగొట్టి లెక్కించే ఫైనైట్ ఎలిమెంట్ల వాళ్ళకి ఇచ్చిన పరీక్ష అది. వేడి లెక్కలో దాని రూపం ఇలా ఉంటుంది: పలక ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా ఉష్ణోగ్రత ఒకే తీరున పెరుగుతూ పోతోందని అనుకోవాలి. అప్పుడు అంచుల మీద లేని ఏ నోడ్ దగ్గరా వేడి పోగుపడకూడదు, తరగకూడదు. ఆ ఉష్ణోగ్రతలతో మాత్రికను గుణిస్తే లోపలి నోడ్లన్నిటా సున్నా రావాలి. నోడ్ల నంబర్లు ఒక్కచోట తారుమారైనా ఆ సున్నా రాదు. నేను ఏ తప్పైతే ఆమెకి అంటగట్టానో, సరిగ్గా ఆ తప్పుని పట్టే పరీక్ష అది. ఆమె ఆ పరీక్ష తనంతట తాను పెట్టుకుని వచ్చింది. నేను ఆ ఫలితం చూపించమని కూడా అడగలేదు. "బొమ్మలో కనబడుతుంటే ఇంకా లెక్కలెందుకు, మళ్ళీ రాయి," అన్నాను.

ఆమె మళ్ళీ రాసింది. మొదటిదాన్ని సవరించకుండా, కూర్చే పద్ధతే మార్చి మొదట్నుంచీ రాసింది. బొమ్మ మళ్ళీ నల్లగానే వచ్చింది. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే మాత్రికనిచ్చాయంటే ఆ మాత్రిక సరైనదని అనుకోవాలి కదా. నేను మాత్రం ఆమె అదే తప్పు రెండోసారి చేసిందని అనుకున్నాను. ఒక మనిషి మీద ముందే తీర్పు ఇచ్చేసుకున్నాక, ఆమెకి అనుకూలంగా వచ్చే సాక్ష్యం కూడా ఆమెకి వ్యతిరేకంగానే కనబడుతుందని నాకు అప్పుడు తెలియలేదు.

తప్పు ఎక్కడుందో నేనే చూపిస్తానని కూర్చున్నాను. బొమ్మ మధ్యలో ఒక చోటు ఎంచుకుని, 20,000వ వరుస నుంచి ఒక వంద వరుసలు మాత్రమే తెర నిండా పట్టేలా పెద్దది చేశాను. నలుపు మాయమైంది. వికర్ణం వెంట ఒక మందపాటి గీత, దానికి దూరంగా ఒకటో రెండో చుక్కలు, మిగతా అంతా తెలుపు. వేరే చోటికి జరిపి చూశాను. అక్కడ వికర్ణం కూడా లేదు కాబట్టి ఒక్క చుక్క తప్ప ఏమీ లేదు. ఆమె చెప్పిన లెక్క ప్రకారం వంద వరుసలు, వంద నిలువు వరుసల కిటికీలో వికర్ణం పోను సగటున రెండు చుక్కల లోపే పడాలి. అంతే పడుతున్నాయి.

ఏం జరిగిందో తెలుసుకోవడం కష్టం కాలేదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి స్పార్స్ మాత్రికనిచ్చి, చుక్క ఎంత ఉండాలో చెప్పకపోతే, అది ప్రతి అంకెకీ 10 పాయింట్ల చతురస్రం పెడుతుంది. అంగుళానికి 72 పాయింట్లు. ఏ కొలతలూ మార్చకుండా గీస్తే చతురస్రపు బొమ్మ పక్క 3.7 అంగుళాలు, అంటే 266 పాయింట్లు. దానిలో 40,000 వరుసలు. కాబట్టి ఒక్కో చుక్క తన వరుసతో పాటు సుమారు 1,500 వరుసలనూ, 1,500 నిలువు వరుసలనూ కప్పేస్తుంది. ఒక్క అంకె ఉన్న పాపానికి 22 లక్షల పైచిలుకు గళ్ళు నల్లబడతాయి. అలాంటి చుక్కలు 2 లక్షల 80 వేలు. తెల్లగా మిగలడానికి ఏముంటుంది?

చుక్కను ఒక్క పిక్సెల్‌కి తగ్గిస్తే సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు. ఇక్కడే నాకు అసలు సంగతి తెలిసింది. ఆ బొమ్మ పక్కకి 370 పిక్సెళ్ళు. మొత్తం 1,36,900. ఒక్కో పిక్సెల్ కిందా మాత్రికలో 11,700 గళ్ళ దాకా ఉన్నాయి. చుక్కలు మాత్రిక అంతటా చెదిరి పడి ఉంటే, సగటున ఒక్కో పిక్సెల్‌కి రెండు చుక్కలు వస్తాయి. రెండేసి సగటున చెదరేస్తే ఖాళీగా మిగిలే పిక్సెళ్ళు నూటికి 13 మించవు. మిగతా 87 శాతం నలుపే. నూటికి 0.0175 వంతు నిండిన మాత్రిక, తెర మీద నూటికి 87 వంతులు నిండి కనబడుతుంది. ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు లేదు. 160 కోట్ల గళ్ళను లక్షా చిల్లర పిక్సెళ్ళలో చూడాలనుకున్న నా అంచనాలోనే తప్పు ఉంది. రాష్ట్రం పటంలో ఊరి చోట పెట్టిన చుక్కను చూసి ఆ ఊరి విస్తీర్ణం అంత అని ఎవరూ అనుకోరు. నేను మాత్రిక విషయంలో అదే అనుకున్నాను.

చుక్కలు చెదిరి ఉండడానికి కూడా కారణం మాత్రిక కాదు. మెష్ గీసే ప్రోగ్రాం నోడ్లను తాను చొప్పించుకుంటూ పోయిన క్రమంలోనే నంబర్లు వేసింది. పలక మీద పక్కపక్కనే ఉన్న రెండు నోడ్లకి 312, 38,907 లాంటి నంబర్లు పడవచ్చు. వాటి మధ్య ఉన్న ముడి మాత్రికలో వికర్ణానికి ఎంతో దూరాన పడుతుంది. అవే నోడ్లకి ఇంకో వరుసలో నంబర్లు వేస్తే అదే మాత్రిక వికర్ణం వెంట సన్నటి పట్టీలా కనబడుతుంది. పలక మారలేదు, వేడి మారలేదు, ఒక్క అంకె మారలేదు. నేను చూసింది మెష్‌ని కాదు, నంబర్లు వేసిన తీరుని.

ఆ తప్పు నాదని ఆమెతో చెప్పాను. విడిగా చెప్పాను. నిందించింది మాత్రం అందరిలో. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు. చెప్పాల్సింది చెప్పేశాననే అనుకున్నాను. ఆమె పని బాగాలేదన్న మాట గుంపులో కొంతకాలం అలాగే నిలిచింది. ఆ మాట పుట్టించిన నేను దాన్ని అందరి ముందూ వెనక్కి తీసుకోలేదు. తర్వాత ఆమె వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయింది. అందుకే ఇది నలుగురూ చదివే చోట రాస్తున్నాను.

ఇంత చదువుకున్నవాణ్ణి ఎందుకు అలా చూశానన్నది తరచి చూసుకుంటే, నా కన్ను చిన్న మాత్రికల దగ్గర తయారైందని తెలుస్తోంది. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఎలక్ట్రికల్ వాళ్ళు పవర్ సిస్టమ్స్ ల్యాబ్‌లో వై-బస్ మాత్రిక కడతారు; బస్సంటే కరెంటు తీగలు కలిసే చోటు. ఐట్రిపుల్‌ఈ 14 బస్సుల నమూనా తీసుకుంటే 14 బస్సులు, వాటి మధ్య 20 శాఖలు. మాత్రికలో 196 గళ్ళు, వాటిలో సున్నా కానివి 54. ఆ బొమ్మలో ఒక్కో వరుసకి 19 పాయింట్ల చోటుంటుంది. పది పాయింట్ల చుక్క అందులో చక్కగా అమరుతుంది. చుట్టూ తెలుపు మిగులుతుంది. ఏ బస్సు దేనితో కలిసిందో వేలితో చదువుకోవచ్చు. మ్యాట్‌ల్యాబ్ పాఠాల్లో అందరూ చూసే బకీ బంతి మాత్రిక కూడా అంతే: 60 శీర్షాలు, ఒక్కోదానికి మూడు పొరుగులు, 180 చుక్కలు. అలాంటి బొమ్మల్లో చూసిందే ఉన్నది. ఆ చిన్న బొమ్మలు నాకు నిజం చెప్పాయి కాబట్టి పెద్ద బొమ్మా నిజమే చెబుతుందని నమ్మాను. 14 నుంచి 40,000కి వెళ్ళేసరికి బొమ్మ అర్థమే మారిపోతుందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

నిజానికి బొమ్మను ఇలా నమ్మడం ఆ రోజు మొదలైంది కాదు. చదువుకునే రోజుల్లో గ్నూప్లాట్ వాడేవాణ్ణి. థామస్ విలియమ్స్, కోలిన్ కెల్లీ 1986లో విడుదల చేసిన ప్రోగ్రాం అది. ఇప్పటికీ దానంత తేలికగా పనిచేసేవి తక్కువ. మామూలు గ్రాఫుల్లో నిలువు అక్షం కింది నుంచి పైకి పెరుగుతుంది. మాత్రికలో మాత్రం మొదటి వరుస పైనే ఉంటుంది. వరుస నంబర్లను నేరుగా గ్నూప్లాట్‌కిస్తే మాత్రిక తలకిందులై, ప్రధాన వికర్ణం ఎడమ అడుగు మూల నుంచి కుడి పై మూలకి ఎక్కుతూ కనబడుతుంది. అక్షాన్ని తిప్పి గీయమని ఒక్క మాట చెబితే చాలు. నాకు ఆ మాట తెలియదు. బొమ్మ సరిగ్గా రావడం కోసం మాత్రికను ఫైల్లో రాసే చోటే వరుసలను తిరగేశాను. బొమ్మ చక్కగా వచ్చింది. కొన్నాళ్ళకి అదే ఫైలుని సమీకరణాలు సాధించే ప్రోగ్రాంకి ఇచ్చాను. వేడి పెట్టింది పలక ఒక మూల. వేడెక్కింది ఎదురు మూల.

ఎందుకలా అయిందో ఇప్పుడు కాగితం మీద రెండు వరుసల్లో చూపించగలను. సమీకరణాల ఎడమ వైపును తిరగేసి కుడి వైపును అలాగే ఉంచితే, సరైన మాత్రికకి కుడి వైపును తిరగేసి ఇచ్చినట్టే. గడుల మెష్‌కి వరుసగా నంబర్లు వేసి ఉంటే, అలా తిరగేసిన వేడి మూలం సరిగ్గా ఎదురు మూలకి పోతుంది. అప్పుడు మాత్రం అంచు షరతుల్లో తప్పుందని వెతికాను, పదార్థం గుణాల్లో తప్పుందని వెతికాను. బొమ్మ కోసం డేటాను మార్చానన్న సంగతి చివరికి గానీ గుర్తుకు రాలేదు. ఇదే ఇబ్బందిని డీల్ టూ అనే ఫైనైట్ ఎలిమెంట్ లైబ్రరీ రాసినవాళ్ళు ఎలా దాటారో తర్వాత చూశాను. గ్నూప్లాట్ కోసం బొమ్మ ఫైలు రాసేటప్పుడు మాత్రమే వరుస నంబరు ముందు మైనస్ గుర్తు పెడతారు. మాత్రిక జోలికి పోరు. బొమ్మకి కావాల్సిన మార్పు బొమ్మలోనే చేయాలన్న ఆ చిన్న జాగ్రత్తలో ఎంత అనుభవం ఉందో, అది లేక పాడైన నాకు బాగా తెలుసు.

అసలు నష్టం మాత్రం అందమైన బొమ్మ వల్ల జరిగింది. నల్లటి బొమ్మ గొడవ తర్వాత నంబర్లు మార్చే పద్ధతులు నేర్చుకున్నాను. ఎలిజబెత్ కట్‌హిల్, జేమ్స్ మెకీ 1969లో ఇచ్చిన పద్ధతి మొదట చేతికొచ్చింది. అంచున ఉన్న ఒక నోడ్ నుంచి మొదలుపెట్టి, దాని పొరుగువాళ్ళకి నంబర్లు, తర్వాత వాళ్ళ పొరుగువాళ్ళకి, పొరలు పొరలుగా ముందుకు పోవడం. ఒకే పొరలో తక్కువ పొరుగులున్నవాళ్ళకి ముందు. అలా వేసిన నంబర్లను చివర్లో తిరగేస్తే పట్టీ వెడల్పు మారకపోయినా లెక్కలో పని తగ్గుతుందని అలన్ జార్జ్ 1971లో గమనించాడు. నల్లటి మాత్రికకి దీన్ని వాడి స్పై బొమ్మ గీస్తే, వికర్ణం వెంట ఒక సన్నటి పట్టీ, రెండు వైపులా తెల్లటి మైదానం. ఎంత సంతోషించానో. అంతగా చెదిరిన దాన్ని ఇంత క్రమంలో పెట్టగలిగామన్న తృప్తి. ఆ తర్వాత ప్రతి మెష్‌కీ, ఆలోచించకుండా, అదే పద్ధతి వాడాను.

గుంపులో ఒకరు మినిమమ్ డిగ్రీ అనే ఇంకో నంబర్ల పద్ధతి వాడి చూద్దామన్నారు. స్పై బొమ్మ గీయించాను. పట్టీ లేదు. చుక్కలు మళ్ళీ చెదిరి ఉన్నాయి. చివర్లో, కుడి అడుగు మూల వైపు, ఏవో గుంపులు కట్టాయి. "ఇది క్రమమే కాదు," అని పక్కన పెట్టేశాను. బొమ్మ చూసి తీర్పు చెప్పడం మానేశానని అనుకుంటూనే రెండోసారి అదే పని చేశాను.

సమీకరణాలు సాధించేటప్పుడు మాత్రిక అలాగే ఉండదు. ఒక తెలియని రాశిని తొలగిస్తే, దాని పొరుగులందరూ ఒకరితో ఒకరు ముడిపడతారు. సున్నా ఉన్నచోట కొత్త అంకెలు పుడతాయి. దీన్ని ఫిల్-ఇన్ అంటారు. కంప్యూటర్ జ్ఞాపకాన్ని తినేది అసలు మాత్రిక కాదు, ఈ కొత్తగా పుట్టే అంకెలు. స్పై బొమ్మ అసలు మాత్రికను చూపిస్తుంది. పుట్టబోయేవాటి గురించి ఏమీ చెప్పదు. దీన్ని చూపించడానికి బాణం మాత్రికను మించిన ఉదాహరణ లేదు. వెయ్యి తెలియని రాశులు. వికర్ణం నిండా అంకెలు, మొదటి అడ్డు వరుస నిండా, మొదటి నిలువు వరుస నిండా. మిగతా అంతా సున్నాలు. మొత్తం 2,998 అంకెలు. మొదటి రాశిని తొలగించగానే మిగిలిన 999 మందీ ఒకరితో ఒకరు కలిసిపోతారు. తొలగింపు పూర్తయ్యాక మిగిలే త్రిభుజ మాత్రికలో, అంటే ఫ్యాక్టర్‌లో, 5,00,500 అంకెలు వస్తాయి. అంటే నిండు మాత్రికే. అదే మాత్రికను తిరగేసి, నిండిన వరుసలు చివర్లో పడేలా నంబర్లు వేస్తే, ఒక్క కొత్త అంకె కూడా పుట్టదు. ఫ్యాక్టర్‌లో 1,999 అంకెలే. రెండు స్పై బొమ్మలూ ఒకటే బాణం, ఒకటి అటు తిరిగి, ఒకటి ఇటు తిరిగి. చూసే కంటికి తేడా లేదు. లెక్కలో తేడా 250 రెట్లు.

పట్టీ పద్ధతిలో పట్టీ లోపల అంతా నిండిపోతుంది. పక్కకి ఎన్ నోడ్లున్న చతురస్రపు గడుల మెష్ తీసుకుంటే, వరుసగా నంబర్లు వేసినప్పుడు ఫ్యాక్టర్‌లో పడే అంకెలు ఎన్ ఘనంలా పెరుగుతాయి. పక్కకి 200 నోడ్లంటే 80 లక్షలు. అలన్ జార్జే 1973లో నెస్టెడ్ డిసెక్షన్ అనే ఇంకో దారి చూపించాడు. మెష్‌ని మధ్యలో ఒక నోడ్ల వరుసతో రెండుగా కోసి, ఆ కోత మీది నోడ్లకి అన్నిటికన్నా చివరి నంబర్లిచ్చి, రెండు సగాలనూ మళ్ళీ అలాగే కోసుకుంటూ పోవడం. అప్పుడు ఫ్యాక్టర్ ఎన్ వర్గాన్ని దాని లాగరిథమ్‌తో గుణించినంతే పెరుగుతుంది. మెష్ పక్క రెట్టింపైతే, పట్టీ పద్ధతిలో ఫ్యాక్టర్ 8 రెట్లవుతుంది. నెస్టెడ్ డిసెక్షన్‌లో 4 రెట్లకి కాస్త పైన ఆగుతుంది. మినిమమ్ డిగ్రీ పద్ధతి ఇంకా పాతది. అమెరికా వాయవ్య ప్రాంతంలో కరెంటు సరఫరా చూసే బొన్నెవిల్ పవర్ అడ్మినిస్ట్రేషన్‌లో విలియం టిన్నీ తన సహచరుడు వాకర్‌తో కలిసి 1967లో దీన్ని విద్యుత్ జాలాల కోసం ప్రచురించాడు. ఆ క్షణాన ఎవరికి అందరికన్నా తక్కువ పొరుగులుంటే వాళ్ళని ముందు తొలగించాలి. అంతే దాని సూత్రం. దానికీ ముందు, 1957లో, ఇదే ఆలోచనని హ్యారీ మార్కోవిట్జ్ లీనియర్ ప్రోగ్రామింగ్ కోసం రాశాడు. ఆయనకి 1990లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది, వేరే పనికి. ఇంతమంది ఇన్నేళ్ళు పెట్టిన ఆలోచనని, బొమ్మ బాగాలేదని నేను ఒక్క చూపుతో తోసేశాను. పెద్ద మెష్‌లకి జ్ఞాపకం చాలక లెక్క మధ్యలో ఆగిపోతుంటే, ఇంకా పెద్ద యంత్రం కావాలని అడిగాను. యంత్రం కొన్నారు కూడా. ఆ డబ్బు అనవసరం. నంబర్లు మార్చి ఉంటే పాత యంత్రంలోనే ఆ లెక్క పట్టేది.

ఇప్పుడు పెద్ద మాత్రికకి చుక్కల బొమ్మ గీయను. మాత్రికను పక్కకి 200 పెట్టెలుగా విడగొట్టి, ఒక్కో పెట్టెలో సున్నా కానివి ఎన్నో లెక్కపెట్టి, ఆ లెక్కను లాగరిథమ్ కొలమానంలో రంగుగా చూపిస్తాను. పైథాన్ లైబ్రరీ నమ్‌పైలో ఉండే రెండు కొలతల హిస్టోగ్రామ్‌కి వరుస నంబర్లూ నిలువు వరుస నంబర్లూ ఇస్తే ఆ లెక్క క్షణాల్లో వస్తుంది. అందులో ఒక అంకె ఉన్న పెట్టే, పదివేలున్న పెట్టే ఒకేలా కనబడవు. చుక్కలే కావాలంటే చుక్క పరిమాణం నేనే రాస్తాను, బొమ్మ కింద వరుసల సంఖ్య, సున్నా కానివాటి సంఖ్య, ఏ క్రమంలో నంబర్లు వేశామన్నది రాస్తాను. సున్నా విలువతో దాచుకున్న గళ్ళు కూడా కొన్నిసార్లు ఉంటాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాటిని వదిలేస్తుంది. దాచినవన్నీ చూపించమని అడిగితేనే చూపిస్తుంది. మాత్రికలను ఇచ్చిపుచ్చుకోవడానికి వాడే మ్యాట్రిక్స్ మార్కెట్ ఫైళ్ళలో సౌష్ఠవ మాత్రికకి వికర్ణమూ దాని కింది సగమూ మాత్రమే రాస్తారు. దాన్ని అలాగే గీసి, మాత్రిక సగం పోయిందని ఒకసారి ఫైలు పంపినవాళ్ళకి ఉత్తరం రాశాను. వాళ్ళు మర్యాదగా జవాబిచ్చారు.

అసలు మాత్రిక బొమ్మ పక్కనే ఫ్యాక్టర్ బొమ్మ కూడా గీస్తాను. ఇంకా ఉపయోగపడేది ఎలిమినేషన్ ట్రీ. ఫ్యాక్టర్‌లో ఒక్కో నిలువు వరుసలో వికర్ణం కింద మొదట తగిలే అంకె ఏ వరుసలో ఉందో, ఆ వరుస నంబరే దాని తల్లి కొమ్మ. దీని మీద జోసెఫ్ లియు 1990లో రాసిన సుదీర్ఘ వ్యాసం ఈ పని చేసేవాళ్ళందరూ చదవాల్సింది. పట్టీ పద్ధతిలో ఆ చెట్టు దాదాపు ఒకే గొలుసులా సాగుతుంది. ఒకటి అయ్యాకే ఇంకొకటి. ఎన్ని ప్రాసెసర్లున్నా పెద్దగా కలిసిరాదు. నెస్టెడ్ డిసెక్షన్‌లో కొమ్మలు విడివిడిగా విచ్చుకుంటాయి. ఏ కొమ్మ లెక్క దానిదే కాబట్టి ఒకేసారి అన్నిటి మీదా పని చేయొచ్చు. నేను అందమైన పట్టీ అని మురిసిన బొమ్మలో ఈ గొలుసు దాగి ఉంది. నేను చూడలేదు.

ప్రస్తుతం మూడు కొలతల మెష్‌లు చేస్తున్నాం. అక్కడ లెక్క ఇంకా కఠినం. పక్కకి వంద నోడ్లున్న ఘనాన్ని తీసుకుంటే 10 లక్షల తెలియని రాశులు. మధ్యలో కోసే మొదటి కోత ఒక తలం. దాని మీద 10,000 నోడ్లు. మిగతా అన్నీ తొలగించాక ఆ 10,000 మందీ ఒకరితో ఒకరు పూర్తిగా ముడిపడి ఉంటారు. సౌష్ఠవం వల్ల సగం దాచుకున్నా 5 కోట్ల అంకెలు, అంటే 40 కోట్ల బైట్లు, ఆ ఒక్క కోతకే. పక్క రెట్టింపైతే అది 16 రెట్లవుతుంది. కొత్తగా ఎవరైనా మెష్ తెస్తే మొదట ఆ కోత ఎంత ఉందో అడుగుతున్నాను. నేరుగా ఎలిమినేషన్‌కి పోవాలా, కంజుగేట్ గ్రేడియెంట్ లాంటి పునరావృత పద్ధతికి మళ్ళాలా అన్నది ఆ అంకె చూసి తేల్చుకుంటున్నాం. ఎవరైనా పరీక్ష పెట్టి వచ్చామని చెబితే, ముందు ఆ ఫలితం తెరిపించి, తెచ్చినవాళ్ళతో కలిసి చదువుతున్నాను.